తిన్నది ఒంటబట్టేది ఎక్కడ?

"ఎంత తిన్నా వీడికి ఒంటబట్టదు" అనే మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. హాస్టల్లోనూ వింటాం. ఒకే మెస్సులో, ఒకే వరసలో కూర్చుని, ఒకే గరిటెతో వడ్డించిన అన్నం తిన్న ఇద్దరిలో ఒకడు నిగనిగలాడుతుంటాడు. ఇంకొకడు రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడుతుంటాడు, క్లాసులో కునుకుతుంటాడు. వాడికి చదువు మీద ధ్యాస లేదని అందరం తేల్చేస్తాం. కానీ "ఒంటబట్టడం" అన్న మాటలో మన పెద్దలు గొప్ప శాస్త్ర విషయాన్నే ఇమిడ్చారు. తినడం వేరు, అరగడం వేరు, ఒంటబట్టడం వేరు. పళ్ళెంలోది నోట్లోకి వెళితే తిన్నట్టు. ముక్కలు ముక్కలై నీళ్ళలో కరిగితే అరిగినట్టు. ప్రేగు గోడను దాటి రక్తంలో కలిస్తేనే ఒంటబట్టినట్టు. ఆ మూడో మెట్టునే శాస్త్ర పరిభాషలో శోషణ అంటారు.

ఈ హాస్టల్లో ఉండి డిగ్రీలో జీవశాస్త్రం చదువుకున్న మేము కొందరం కలిసి, వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామా అని ఆలోచించినప్పుడు ఈ విషయమే తోచింది. మన హాస్టళ్ళలో తిండి గురించి మాట్లాడని రోజు ఉండదు. తిన్న తిండి ఏమవుతుందన్నది మాత్రం ఎవరమూ మాట్లాడుకోం. పోటీ పరీక్షలకు తయారయ్యే మిత్రులకు ఇది జనరల్ సైన్సు పాఠంగానూ పనికొస్తుంది.

ఇరవై అడుగుల గొట్టం

ముందుగా ఒక చిత్రమైన మాట. మనం మింగిన ముద్ద కడుపులో ఉన్నంతసేపూ నిజానికి మన శరీరం బయటే ఉన్నట్టు లెక్క. నోటి నుంచి మలద్వారం వరకూ జీర్ణనాళం ఒక పొడవాటి సొరంగం. ఆ సొరంగంలో ఉన్నది ఇంకా మనది కాదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల మీద ఎంతమంది నిలబడినా, గేటు దాటినవాళ్ళే ప్రయాణికులు. ఇదీ అంతే.

గేట్లన్నీ దాదాపు చిన్నప్రేగులోనే ఉన్నాయి. పేరుకు చిన్నదే గానీ పొడవు సుమారు 6 మీటర్లు, అంటే ఇరవై అడుగులు. (బతికున్న మనిషిలో కండరాల బిగువు వల్ల ఇంకా పొట్టిగా ఉంటుంది.) ఇందులో మొదటి భాగం ఆంత్రమూలం, మధ్య భాగం జెజునం, చివరి భాగం ఇలియం. ఆంత్రమూలంలోకి కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి క్లోమరసం వచ్చి పడతాయి. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా, పప్పులోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా, నూనె కొవ్వు ఆమ్లాలుగా విడిపోయే పని ప్రధానంగా ఇక్కడ జరుగుతుంది.

లోపలి గోడ నున్నగా ఉండదు. మొదట ముడతలు. ముడతల మీద తువ్వాలు నూలుపోగుల్లా వేలాడే చూషకాలు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు పొడవు ఉంటుంది. చూషకం మీద పరచుకున్న ప్రతి కణానికీ మళ్ళీ వేలాది సూక్ష్మచూషకాలు. మైక్రోస్కోపులో చూస్తే బ్రష్ కుచ్చులా కనిపిస్తాయి. ఇన్ని మడతలు పెట్టి ప్రకృతి సాధించింది ఏమిటంటే, తక్కువ చోటులో ఎక్కువ వైశాల్యం. చిన్నప్రేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని పాత పుస్తకాల్లో ఉండేది. 2014లో స్వీడన్ పరిశోధకులు కొత్తగా కొలిచి, అది సుమారు 30 చదరపు మీటర్లని తేల్చారు. అంటే మన బ్యాడ్మింటన్ కోర్టులో సగం కన్నా కొంచెం తక్కువ. అయినా పొట్టలో పట్టే గొట్టానికి అది తక్కువేమీ కాదు.

ఈ గోడకు ఉన్న పూత ఒకే ఒక్క వరస కణాలు. ఆ కణాలు కూడా మూడు నుంచి అయిదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. మన ఒంట్లో ఇంత వేగంగా మారే కణజాలం అరుదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, వ్యాసం చివర్లో అవసరపడుతుంది.

నూనె గోడ, దాని తలుపులు

ప్రతి కణం చుట్టూ కణత్వచం అనే పొర ఉంటుంది. దాని మందం 7, 8 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఏడెనిమిది భాగాలన్నమాట. ఈ పొర ప్రధానంగా కొవ్వు పదార్థంతో తయారైంది. చారు గిన్నెలో పైన తేలే నూనె చారులో ఎందుకు కలవదో, నీళ్ళలో కరిగిన గ్లూకోజ్, ఉప్పు ఈ పొరలోంచి ఎందుకు దూరలేవో రెండింటికీ కారణం ఒకటే. నీటిది నీటితోనే, నూనెది నూనెతోనే.

అందుకని కణత్వచంలో అక్కడక్కడా ప్రోటీన్లతో చేసిన తలుపులు ఉంటాయి. దాటే పద్ధతులు స్థూలంగా మూడు.

ఒకటి, సాధారణ విసరణ. కొవ్వులో కరిగేవి తలుపుతో పని లేకుండా పొరలోంచే జారిపోతాయి. ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు వాటంతటవే పోతాయి. మైత్రీవనం దగ్గర కోచింగ్ క్లాసులు వదిలిన జనం ఎవరూ తోయకుండానే సందుల్లోకి సర్దుకున్నట్టు.

రెండు, తోడ్పాటు విసరణ. ఇదీ ఎక్కువ నుంచి తక్కువకే, కానీ తలుపు కావాలి. పండ్లలోని ఫ్రక్టోజ్ అనే చక్కెర ఇలా దాటుతుంది.

మూడు, సక్రియా రవాణా. తక్కువ ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటుకు, అంటే ఏటికి ఎదురు. దీనికి శక్తి ఖర్చవుతుంది. సంపులో నీళ్ళు పైన ట్యాంకులోకి వాటంతటవి ఎక్కవు కదా, మోటారు వేయాలి. కణంలో ఆ మోటారుకు కరెంటు ఏటీపీ అనే పదార్థం.

గ్లూకోజ్ ఎక్కే షేర్ ఆటో

మనం తినేదంతా దాదాపు అన్నమే కాబట్టి గ్లూకోజ్ ప్రయాణం ముందు చూద్దాం. గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే తలుపు పేరు ఎస్‌జీఎల్‌టీ-1. దాని పద్ధతి మన షేర్ ఆటో లాంటిది. మనుషులు నిండితే గానీ బండి కదలదు. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు ఎక్కితేనే అది లోపలి వైపు తిరుగుతుంది. గ్లూకోజ్ ఒక్కటే వస్తే కదలదు.

మరి సోడియం ఎందుకు లోపలికి పరిగెత్తుతుంది? కణం లోపల సోడియం చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి. అలా తక్కువగా ఉంచేది కణం వెనకవైపు ఉండే సోడియం పంపు. ఇది ఒక ఏటీపీ ఖర్చు పెట్టి మూడు సోడియం అయాన్లను బయటకు తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఈ పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ కనిపెట్టాడు. అందుకు 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

లెక్క చూడండి. రెండు ఏటీపీలతో ఆరు సోడియంలు బయటకు పోతాయి. ఆ ఆరు సోడియంలు తిరిగి వస్తూ మూడు గ్లూకోజ్‌లను వెంటబెట్టుకు వస్తాయి. ఒక్కో గ్లూకోజ్ నుంచి మన శరీరం సుమారు 30 ఏటీపీలు సంపాదిస్తుంది. పెట్టుబడి రెండు, రాబడి తొంభై. లోపలికి చేరిన గ్లూకోజ్ వెనక తలుపు గుండా రక్తకేశనాళికలోకి, అక్కడి నుంచి కాలేయ నిర్వాహక సిర ద్వారా కాలేయానికి చేరుతుంది.

సోడియం, గ్లూకోజ్ జంటగా ప్రయాణిస్తాయన్న సూత్రాన్ని 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సభలో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ప్రకటించాడు. అప్పటికి అది కాగితం మీద గీసిన ఒక బొమ్మ. ఆ బొమ్మ తర్వాత కోట్ల మంది పిల్లల ప్రాణం నిలిపింది.

చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర

మన ప్రేగుల్లోకి రోజూ చేరే ద్రవం మనం తాగే రెండు లీటర్లే కాదు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ప్రేగు రసం కలిపి ఇంకో ఏడు లీటర్లు ఉంటాయి. ఈ తొమ్మిది లీటర్లలో మలంతో పోయేది గ్లాసుడుకు మించదు. మిగతాదంతా తిరిగి లోపలికే వస్తుంది. నీళ్ళను లాగే ప్రత్యేక మోటారు ఏదీ లేదు. సోడియం, గ్లూకోజ్ ఎక్కడికి పోతే నీళ్ళు ద్రవాభిసరణ వల్ల వాటి వెంటే పోతాయి.

కలరాలో ఏమవుతుందంటే, క్రిమి విషం వల్ల ప్రేగు కణాలు ఉప్పును, నీటిని బయటకు కుమ్మరిస్తాయి. ఉత్త నీళ్ళు ఎన్ని తాగినా నిలవవు. కానీ షేర్ ఆటో మాత్రం పాడవదు! నీళ్ళలో ఉప్పు, గ్లూకోజ్ సరైన పాళ్ళలో కలిపి ఇస్తే ఆ రెండూ లోపలికి పోతూ నీటిని కూడా తీసుకుపోతాయి. ఇదే ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపించి తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది వరకు చనిపోతున్న చోట మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ప్యాకెట్టులో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. సోడియం, గ్లూకోజ్ అణువుల సంఖ్య సమానం. చక్కెర ఎక్కువైతే మేలు బదులు కీడు. అరగని చక్కెర ప్రేగులోకే నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మే తీపి పానీయాల మీద మన హైదరాబాదుకే చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. కాబట్టి పంజాగుట్టలో మందుల షాపుకు వెళ్ళినా, మీ ఊళ్ళో కొన్నా, పెట్టె మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి. మన అమ్మమ్మలు విరేచనాలకు ఉప్పు వేసిన గంజి తాగించడంలో ఉన్న సూత్రమూ ఇదే. గంజిలోని పిండి నెమ్మదిగా గ్లూకోజ్‌గా విడిపోతుంది, ఉప్పు దానికి తోడు.

పప్పు, నూనె, పాలు

పప్పులోని, గుడ్డులోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా పూర్తిగా విడిపోయాకే దాటుతాయని చాలాకాలం అనుకునేవారు. రెండు మూడు అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న ముక్కలు కూడా దాటగలవని తర్వాత తెలిసింది. వాటికి వేరే తలుపు ఉంది. అక్కడ సోడియం బదులు హైడ్రోజన్ అయాన్ తోడు వస్తుంది. లోపలికి వచ్చాక ఆ ముక్కలు విడిపోతాయి.

నూనెల దారి వేరు. పైత్యలవణాలు సబ్బులా పనిచేసి కొవ్వును చిన్న చిన్న బిందువులుగా చేస్తాయి. కొవ్వు ఆమ్లాలు కణత్వచంలోంచి లోపలికి చేరి, మళ్ళీ కొవ్వుగా కూడుకుని, కైలోమైక్రాన్లు అనే మూటలుగా కట్టబడతాయి. ఆ మూటలు రక్తకేశనాళికలో పట్టవు. అవి శోషరస నాళాల గుండా పైకి ప్రయాణించి మెడ దగ్గర ఎడమవైపు సిరలో కలుస్తాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఈ మూటల్లోనే ప్రయాణిస్తాయి. అందుకే నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకుకూరలో విటమిన్ ఎ ముడిపదార్థం ఎంత ఉన్నా, ఒంటబట్టేది తక్కువ. పోపు రుచి కోసమే కాదు.

కొందరు మిత్రులకు పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు. పాలలోని లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైము సూక్ష్మచూషకాల కొసన ఉంటుంది. పెద్దవాళ్ళలో చాలామందికి అది తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు. పెరుగులో లాక్టోజ్ కొంత ముందే పులిసిపోతుంది కాబట్టి అది పడుతుంది.

ఇనుముకు అవుట్‌పాస్

ఇప్పుడు మనకు అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 58 శాతం మందికి రక్తహీనత ఉంది. 15-19 ఏళ్ళ అమ్మాయిలలో అది ఇంచుమించు 65 శాతం. అంటే మన చెల్లెళ్ళలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు. మగపిల్లల్లో తక్కువే గానీ లేకపోలేదు. క్లాసులో కునుకుపాట్లకు, మెట్లెక్కితే ఆయాసానికి ధ్యాస లేకపోవడం కారణం కాకపోవచ్చు. హిమోగ్లోబిన్ లేకపోవడం కావచ్చు.

ఇనుము దాటే చోటు ఆంత్రమూలం. అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. తలుపు ఫెర్రస్ రూపాన్నే రానిస్తుంది. గోడ మీది ఒక ఎంజైము దాన్ని మారుస్తుంది. విటమిన్ సి ఆ మార్పుకు సాయపడుతుంది. టీలోని టానిన్లు మాత్రం ఇనుమును పట్టుకుని వదలవు. మాంసం, చేపల్లోని ఇనుము వేరే రూపంలో ఉండి సులువుగా దాటుతుంది.

లోపలికి వచ్చినంత మాత్రాన అయిపోలేదు. కణం వెనకవైపు ఫెర్రోపోర్టిన్ అనే ఒకే ఒక్క గేటు ఉంది. ఆ గేటు తాళం కాలేయం చేతిలో ఉంటుంది. శరీరంలో ఇనుము చాలినంత ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పంపి గేటు మూయిస్తుంది. వార్డెన్ సంతకం లేనిదే అవుట్‌పాస్ లేనట్టు. బయటకు పోలేని ఇనుము ఆ కణంలోనే నిలిచి, నాలుగైదు రోజుల్లో కణంతో పాటు రాలిపోతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా హెప్సిడిన్ పెరుగుతుంది. అంటే తరచూ జబ్బుపడేవాడికి ఇనుము తిన్నా అందదు. పెద్ద మోతాదు మాత్ర వేసుకున్నాక కూడా దాదాపు ఒక రోజంతా హెప్సిడిన్ ఎక్కువగా ఉంటుంది. కాబట్టి వారం మరిచిపోయి ఒకేసారి రెండు మాత్రలు మింగితే రెట్టింపు లాభం రాదు.

మన నగరంలోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఇది 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది) శాస్త్రవేత్తలు కౌమారంలోని పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. అన్నం భోజనంతో పాటు జామపండు పెట్టి చూస్తే, ఆ భోజనంలోని ఇనుము శోషణ బాగా పెరిగింది. జింకు శోషణ మాత్రం పెరగలేదు. అంటే విటమిన్ సి అన్ని తలుపులనూ తెరవదు, ఇనుము తలుపునే తెరుస్తుంది. బండి మీద దొరికే జామకాయ భోజనంతో పాటు తింటే మన నీళ్ళపప్పులోని ఇనుముకు కూడా విలువ పెరుగుతుంది.

భీమవరం కుర్రవాడి రెండు ఆవిష్కరణలు

ప్రేగు గోడ దెబ్బతింటే ఏమవుతుందో తన ఇంట్లోనే చూసిన తెలుగువాడు ఒకరున్నారు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధి పొట్టనబెట్టుకుంది. తర్వాత ఆయనకూ అదే సోకింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటకు రావలసి వచ్చింది.

స్ప్రూలో చూషకాలు పొట్టివైపోయి మొద్దుబారుతాయి. తిన్నది తిన్నట్టే విరేచనమవుతుంది. మనిషి ఎండిపోతాడు, నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది. కారణాల్లో ఒకటి ఫోలిక్ ఆమ్లం అనే బి-విటమిన్ అందకపోవడం. ఆకుకూరల్లోని ఫోలేట్‌కు పొడవాటి తోక ఉంటుంది. బ్రష్ కుచ్చు దగ్గరి ఎంజైము ఆ తోక కత్తిరిస్తేనే అది తలుపులో పడుతుంది. (ఆ తలుపు ఏదో 2006లో గానీ తెలియలేదు.) కుచ్చు దెబ్బతింటే తోక తెగదు, ఫోలేట్ దాటదు. కొత్త కణాలు పుట్టాలంటే ఫోలేట్ కావాలి. నాలుగైదు రోజులకోసారి మారవలసిన ప్రేగు కణాలకు అది మరీ అవసరం. ఫోలేట్ లేక గోడ మరమ్మతు కాదు, గోడ బాగులేక ఫోలేట్ రాదు. ఇలా విషవలయం బిగుసుకుంటుంది.

1920ల తొలి ఏళ్ళలో అమెరికా వెళ్ళిన సుబ్బారావు హార్వర్డ్‌లో, తర్వాత 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. 1945లో ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. మాత్రలోని ఫోలిక్ ఆమ్లానికి పొడవాటి తోక ఉండదు కాబట్టి దెబ్బతిన్న ప్రేగు కూడా దాన్ని కొంత తీసుకోగలదు. విషవలయం అక్కడ తెగుతుంది. స్ప్రూకు రెండో మందు టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో ఆయన పర్యవేక్షించిన లెడర్లీ నుంచే వచ్చింది. సోదరులను చంపిన జబ్బుకు రెండు మందులూ ఆయన చేతి కింద తయారయ్యాయి. అదే ఏడు ఆగస్టులో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇంకొక్క మాట. పైన మనం చెప్పుకున్న సోడియం పంపుకు కరెంటు లాంటిది ఏటీపీ అన్నాం. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల నుంచి వేరుచేసింది కూడా సుబ్బారావే. (అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు.) ప్రేగు కణంలో మోటారు తిప్పే శక్తి, ఆ కణాన్ని తిరిగి పుట్టించే విటమిన్, రెండింటి మీదా భీమవరం కుర్రవాడి చేయి ఉంది. రెండుసార్లు మెట్రిక్ తప్పినవాడని మరోసారి గుర్తుచేస్తున్నాం. సప్లిమెంటరీలు రాస్తున్న మిత్రులు నిరాశపడనక్కరలేదు.

ఇక మన హాస్టల్ మాట

బళ్ళలో, హాస్టళ్ళలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఏమిటో ఇప్పుడు తెలిసింది కదా. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కొంతమంది పిల్లలు దాన్ని కిటికీలోంచి విసిరేస్తారు. వికారంగా ఉంటుందనీ, మలం నల్లబడుతుందనీ భయం. మలం నల్లబడటం ప్రమాదం కాదు, దాటని ఇనుము బయటకు పోతోందంతే. భోజనం తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. మంచినీళ్ళతోనో నిమ్మకాయ నీళ్ళతోనో మింగండి. పాలతో, టీతో వద్దు. అన్నం తినగానే టీ తాగే అలవాటు ఉంటే ఒక గంట ఆగండి. పొద్దున టిఫిన్ మానేసి టీ, బిస్కెట్లతో కోచింగుకు పరిగెత్తే తమ్ముళ్ళకు ఇది మరీ మరీ చెబుతున్నాం.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినం. 19 ఏళ్ళ లోపువారికి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. కొంకిపురుగు ప్రేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. తిన్నది మనకన్నా ముందు దానికి ఒంటబడుతుంది. మట్టిలో, మరుగుదొడ్ల దగ్గర చెప్పులు లేకుండా తిరగడం దానికి స్వాగతం పలకడమే. పదిహేను రోజులకు పైగా విరేచనాలు, బరువు తగ్గడం, ఎంతకీ పోని నీరసం ఉంటే మాత్రలు మీరే కొనుక్కోకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. నిమ్స్ వంటి పెద్దాసుపత్రి మన పక్కనే ఉందని పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు కూడా చెప్పండి.

చివరగా అన్నిటికన్నా పెద్ద సంగతి. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ళ డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకు 1,500 రూపాయలు 2,100 అయింది. విద్యార్థులు ఎన్నో ఏళ్ళు అడగగా వచ్చిన పెంపు ఇది. రోజుకు 70 రూపాయలంటే ఈ నగరంలో ఎంతో చెప్పనక్కరలేదు, అయినా మంచిదే. కానీ ఆ డబ్బు పళ్ళెం వరకే చేరుస్తుంది. పళ్ళెం నుంచి రక్తం దాకా చేర్చేది ప్రేగు గోడ. మురికి నీళ్ళు తాగుతూ మాటిమాటికి విరేచనాలయ్యే పిల్లల్లో చూషకాలు పొట్టివై, తిన్న గుడ్డు కూడా సగం వృథా అవుతుంది. అందువల్ల గుడ్డు సరిగా పెట్టమని అడగడం ఎంత న్యాయమో, నీళ్ళ ట్యాంకు కడిగించమని, మరుగుదొడ్లకు నీళ్ళు, చేతులకు సబ్బు ఇవ్వమని అడగడమూ అంతే న్యాయం. అవి సౌకర్యాలు కావు, భోజనంలో భాగాలు. మెస్ కమిటీ సమావేశంలో మెనూ గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట కూడా రాయించండి.

చిక్కిపోయిన తమ్ముడిని చూసి "వీడికి తిన్నది ఒంటబట్టదు" అని నవ్వేయకుండా, ఎందుకు పట్టడం లేదని ఒక్కసారి అడగండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. అది నొప్పి లేని పని, ఒక్క చుక్క రక్తంతో అయ్యే పని.

మిత్రులందరికీ హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు.